నిన్నటి గొట్టం

మంజూష తెచ్చిన కాగితం మీద దైవాధీనం సారు సంతకం పెట్టలేదు. అదీ గొడవంతా.

ఆసుపత్రుల్లో మానని పుళ్లలోంచి తీసిన బ్యాక్టీరియా ఒకటి మా ల్యాబుకి వచ్చింది. ఏ మందుకీ లొంగని రకం. మంజూష నాలుగేళ్లు కూర్చుని దాన్ని చంపే మందు తయారు చేసింది. నెలాఖరుతో ఆ పిల్ల పరిశోధన గడువు ఆఖరు. ఈలోగా ఆమె గైడు అయిన సారు సంతకం పడితే డాక్టరేటు, పడకపోతే నాలుగేళ్లూ నీళ్లపాలు.

నా పేరు సింహాద్రి. విశాఖలో ఆ ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్లు గాజు గొట్టాలు ఉడికించి, కడిగి, ఆరబెట్టాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఏ గొట్టంలో ఏం పెరిగిందో, ఎవరు ఎందుకు ఏడ్చారో నాకు తెలియకుండా ఆ గదిలో ఏదీ జరగలేదు.

"ఈ మందుకు బ్యాక్టీరియా ఎంతకాలమైనా అలవాటు పడదు" అని ఉంది కాగితంలో చివరి వాక్యం. సారు దాని దగ్గర ఆగారు.

"ఎలా తెలుసు?"

"నలభై రోజులు చూశాను సార్."

చూసిన మాట నిజమే. ఆ నలభై రోజుల గొట్టాలూ కడిగింది నేనే కదా. రోజుకి ఎనిమిది. మొదటి గొట్టంలో మందు చిటికెడు, రెండోదాంట్లో దానికి రెట్టింపు, మూడోదాంట్లో మళ్లీ రెట్టింపు, అలా ఎనిమిదో దాకా. అన్నిట్లోనూ బ్యాక్టీరియాకి తిండి ఉంటుంది. ఒక్కో చుక్క బ్యాక్టీరియా వేసి వెచ్చగా ఉంచితే తెల్లారేసరికి తేలిపోతుంది. బతికితే గొట్టం మసకబారుతుంది, చస్తే తేటగా ఉంటుంది. మంజూష గొట్టాల్లో రోజూ మొదటి రెండూ మసక, మిగతా ఆరూ తేట. నలభయ్యో రోజు కూడా అంతే.

"నిన్నటి గొట్టాలేవి?" అన్నారు సారు.

"పారేశాను సార్. రోజూ సాయంత్రం సింహాద్రి బాబాయ్ ఉడికించేస్తారు."

సారు కాగితాన్ని సొరుగులో పెట్టేశారు. తలుపు వెనక కొక్కేనికి ఆయన తెల్లకోటు ఎనిమిదేళ్లుగా వేలాడుతోంది. అన్నేళ్లయింది ఆయన స్వయంగా గొట్టం పట్టుకుని. కోటు తొడుక్కుంటే పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. అలాగే వదిలేసి బల్ల దగ్గరికి నడిచారు.

ఆ రోజు గొట్టాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. సారు రెండో గొట్టం తీసుకుని వెలుతురుకి పెట్టి చూశారు. మందు తిని కూడా అందులో కొంత బతికింది. దాంట్లోంచి తీసి కొత్తగా ఎనిమిది గొట్టాల్లో తలా ఒక చుక్క వేశారు. చెక్క స్టాండు మీద 'ఒకటి' అని రాసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

మర్నాడు పదింటికి వచ్చారు. మసకబారిన గొట్టాల్లో మందు ఎక్కువున్నది ఏదో చూసి, దాంట్లోంచి మళ్లీ చుక్కలు తీసి కొత్త గొట్టాల్లో వేశారు. 'రెండు' అని రాశారు.

మంజూషకి ఒళ్లు మండింది. ఎందుకు మండదు? నాలుగేళ్ల పనిని పక్కకి నెట్టి ముసలాయన గొట్టాలతో ఆడుకుంటుంటే ఎవరికైనా మండుతుంది.

"నామీద నమ్మకం లేదు బాబాయ్ ఆయనకి," అంది నా దగ్గరికొచ్చి. "నేను లెక్క తప్పానని కూడా అనడు. అంటే జవాబు చెబుదును."

"అడగరాదా?"

"నేనెందుకు అడగాలి?"

పార్వతీపురం పిల్ల. పంతం పడితే అంతే.

ఆదివారం ల్యాబుకి సెలవు. ఆ రోజూ వచ్చారు సారు, సిటీ బస్సులో, ఇడ్లీ పొట్లం చేత్తో పట్టుకుని. నాకూ సెలవు లేకుండా పోయింది. ఆ మాట మొహం మీదే అన్నాను. ఒక ఇడ్లీ నాకు పెట్టారు తప్ప ఆదివారాలు మానలేదు.

నాలుగో రోజుకి మూడో గొట్టం మసకబారింది. తొమ్మిదో రోజుకి అయిదోది. సారు అటు వెళ్లగానే మంజూష ఇటొచ్చి చూసుకునేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పడం మానేసింది.

పదో రోజున ఇక పట్టలేక సారుకి ఎదురెళ్లింది. "ఇది కల్తీ అయ్యుంటుంది సార్. బయటి క్రిమి ఏదో పడింది. నా బ్యాక్టీరియా ఇలా పెరగదు."

సారు అయిదో గొట్టం ఆమె చేతిలో పెట్టారు. "చూడు."

రెండు రోజులు చూసింది. రంగు వేసి చూసింది, జన్యు పరీక్ష పెట్టింది. అదే బ్యాక్టీరియా. ఆమె నాలుగేళ్లు చంపుతూ వచ్చినదే.

పద్దెనిమిదో రోజున ఎనిమిదో గొట్టం బియ్యం కడిగిన నీళ్లలా తయారైంది. అందరికంటే ముందు నేనే చూశాను. నాకు భయమేసింది. ఆ మోతాదు మందులో ఏదీ బతకడం నేనెరగను. మంజూషని పిలిచాను. ఆ పిల్ల గొట్టం వంక చూసి స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది. సారు వచ్చేదాకా లేవలేదు.

"నేనూ ఇదే కదా సార్ చేశాను," అంది ఆయన రాగానే. గొంతులో పంతం లేదు. "నలభై రోజులు. నాకెందుకు ఇలా రాలేదు?"

"రోజూ చుక్క ఎక్కణ్ణుంచి తీశావు?"

"ఫ్రీజరులో దాచిన సీసాలోంచి. మొదటి ఏడాది కల్తీ అయి మూడు నెలల పని పోయింది కదా సార్. అప్పట్నుంచి మసకబారిన గొట్టం మళ్లీ ముట్టుకోను. ఏ రోజుకా రోజు శుభ్రంగా కొత్తగా మొదలుపెడతాను."

"ఆ సీసాలోవి నీ మందుని ఎప్పుడైనా చూశాయా?"

మంజూష మొహంలో రంగు మారింది. ఎవరో చెంప మీద కొట్టినట్టే ఉంది. పాపం అనిపించింది నాకు. మందు తిని బతికినవాటిని రోజూ సాయంత్రం పట్టుకెళ్లి ఉడికించింది నేనే మరి.

సారు సొరుగులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టారు. జేబులోంచి కలం తీసి దాని పక్కన పెట్టారు.

"సంతకం పెట్టేస్తాను. ఏం రాయాలో నువ్వే చూసుకో."

నిజంగానే పెట్టేసేలా ఉన్నారు. ఆ గదిలో ఉన్నది మేం ముగ్గురమే. ఎనిమిదో గొట్టం సంగతి బయటెవరికీ తెలియదు. నెలాఖరుకి అయిదు రోజులుంది. ఆ వాక్యం అలాగే ఉంచి సంతకం చేయించుకుంటే అడిగేవాడు లేడు. నేనయితే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

మంజూష కాగితాన్ని మొదట్నుంచీ చదివింది. చివరికొచ్చి ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. ఒకటి చాలదన్నట్టు రెండోది కూడా కొట్టింది.

"ఆ వాక్యం లేకపోతే ఇందులో ఇంకేముంది సార్? కొన్నాళ్లు చంపి ఆ తర్వాత పనికిరాకుండా పోయే మందులు ఇంతకు ముందూ ఉన్నాయి. నా నాలుగేళ్లూ పోయినట్టేగా?" కళ్లు తుడుచుకుంది. దాచుకోలేదు.

సారు గుండీ పట్టని ఆ కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. మసకబారిన గొట్టం కేసి చెయ్యి చూపించారు.

"చచ్చినవి లక్షలున్నాయి, అవేం చెబుతాయమ్మా? ఇది ఎలా బతికిందో దీన్నే అడుగు."

అని బస్సుకి వేళయిందంటూ వెళ్లిపోయారు.

సాయంత్రమైంది. రోజూలాగే బల్ల మీది గొట్టాలు ఉడికించడానికి స్టాండు ఎత్తబోయాను. మంజూష ఎనిమిదో గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"దీన్ని ఉంచండి బాబాయ్. రేపు దీనితోనే పని."