నూకాలు తట్ట బోర్లించిన చోటు

ఏరు ఇప్పటి దారి పట్టకముందు, మన ముత్తాతల ముత్తాతలు ఉయ్యాల్లో ఏడుస్తున్నప్పటి మాట ఇది. ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఒక ఏడాది ఏరు పొంగి సగం ఊరిని పట్టుకుపోయింది. మిగిలిన జనం తనివితీరా ఏడవడానికి కూడా తీరిక లేక, మళ్ళీ వానలు పడేలోగా మట్టికట్ట వేసుకోవాలని పనిలోకి దిగారు.

ఆ పనికి పెద్ద అప్పలసూరి. వరదలో తమ్ముడి చెయ్యి అతని చేతిలోంచే జారిపోయింది. ఆనాటినుంచి అతను కడుపునిండా తిన్నది లేదు, కన్ను మూసింది లేదు. మధ్యాహ్నం జనమంతా తాటిచెట్ల కింద అంబలి తాగుతుంటే, అతనొక్కడే మట్టి తవ్వే గోతికీ కట్టకీ మధ్య తట్ట మోస్తూ తిరిగేవాడు. ఎన్ని తట్టలు మోశాడో అతనికే తెలిసేది కాదు.

కట్ట మీద పుల్ల పాతి, మట్టి ఎంత ఎత్తు లేచిందో గాటు పెట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం దాటేసరికి అక్కడ మట్టి జానెడు తగ్గింది. మర్నాడూ తగ్గింది. మూడోనాడూ తగ్గింది.

సూరికి ఒళ్ళు మండిపోయింది. ఎవరో మట్టి దొంగిలిస్తున్నారు! ఎవరు? పక్క ఊరివాళ్ళా? అంబలి కాచే మనిషా? నిన్న తనని చూసి నవ్వినవాడా? ఒక్కొక్కరి మొహంలోకీ తేరిపార చూశాడు. అందరూ దొంగల్లాగే కనిపించారు. నిద్రలేని కంటికి ఇంకెలా కనిపిస్తారు పాపం!

చివరికి అతని చూపు నూకాలు మీద ఆగింది. మొగుణ్ణీ కొడుకునీ ఏరు మింగేసిన ముసలిది. అందరికంటే చిన్న తట్ట మోసేది. అంబలి తాగగానే కట్ట వెనక్కి పోయేది. దొంగ కాకపోతే ఈ చాటెందుకు?

మొదటిరోజు పొంచి చూశాడు. నూకాలు తట్ట బోర్లించింది, దాని మీద కూర్చుంది, కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. 'మంత్రమే' అనుకుని పనిలోకి పోయాడు. మట్టి తగ్గింది. రెండోరోజూ తట్ట బోర్లించింది, కూర్చుంది, గొణిగింది. 'చేతబడే' అనుకుని పనిలోకి పోయాడు. మట్టి తగ్గింది. మూడోరోజు కాస్త ఆలస్యంగా వెళ్ళాడు. పుల్ల దగ్గర, మట్టి తట్టతో నూకాలు!

"దొరికావే ముసలీ!" అని అరిచాడు. జనం పరిగెత్తుకొచ్చారు.

"నాను తియ్యడం నేదు బావూ. పోస్తన్నాను."

"మరి తీసిందెవరు?"

నూకాలు జనం వంక చూసింది. సూరి వంక చూసింది. పేరు చెప్పలేదు. "మూడు మద్దినేలలు నా పక్కన కూకో నాయినా. దొంగొస్తే నువ్వే అట్టుకో. రాకపోతే నన్ను ఊళ్ళోంచి తోలెయ్యి."

మొదటి మధ్యాహ్నం సూరి మోకాళ్ళ మీద కర్ర పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడు. "ఏమిటా గొణుగుడు?" అన్నాడు.

"పోయినోల్ల పేర్లు. మట్టయితే కట్ట మీద దించుతాను. దీన్నెక్కడ దించను? రోజూ ఇక్కడే కాసింత దించుకుంటన్నాను."

రెండో మధ్యాహ్నం ఆమె పోసిన అంబలి తాగాడు. అతని నోట తమ్ముడి పేరు వచ్చింది. "పైడయ్య," అన్నాడు. అంతే అనగలిగాడు. మూడో మధ్యాహ్నం కర్ర పక్కకి దొర్లిపోయింది. నిద్ర లేచేసరికి పొద్దు వాలింది. పుల్ల దగ్గర పిడికెడు మట్టి కూడా తగ్గలేదు.

"కాపలా ఉంటే దొంగతనం ఆగింది! ఇదే దొంగ. తోలెయ్యండి," అన్నారు జనం. నూకాలు తట్ట చంకన పెట్టుకుంది.

సూరి ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "నిజం చెప్పు. ఎవరు?"

"నువ్వే నాయినా," అందామె, ఇంకెవరికీ వినపడకుండా. "ఎండలో మతి తెలీక కట్ట మీద మట్టి తవ్వి గోతిలో పోసేసేవోడివి. నువ్వు తీసినంతా నాను తిరిగి మొయ్యలేకపోనాను."

"అందరి ముందూ అనలేదేం?"

"పెద్దోడికే మతి చెదిరిందంటే ఈల్లంతా పనొగ్గేసి పోరా? ఏరు ఆగుద్దా?"

సూరి తిరిగి గోతి వంక చూశాడు. ఊరుకుంటే అతని పెద్దరికం నిలుస్తుంది, ముసలిది ఊరు దాటిపోతుంది. అతను ఊరుకోలేదు. "మట్టి దొంగని నేను!" అని కట్టంతా వినపడేలా అరిచాడు. జరిగినదంతా చెప్పాడు. అందరి ముందూ తట్ట బోర్లించి, కూలబడి, తమ్ముణ్ణి తలుచుకుని భోరుమని ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే తట్ట బోర్లించి అతని చుట్టూ కూర్చున్నారు.

ఆ ఏడు ఏరు వచ్చింది. కట్ట నిలిచింది. మరుసటేడు నూకాలు కన్నుమూస్తే, ఆమె తట్టని ఆ చోటే బోర్లించి పెట్టారు. తట్ట చివికిపోయినా ఆ చోటికి ఆమె పేరు మిగిలింది.

ఇప్పటికీ ఆ వైపు మట్టిపనికి వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం తట్ట బోర్లించి కూర్చుంటారు. పోయినవాళ్ళ పేర్లు తలుచుకున్నాకే లేస్తారు. ఎవరైనా కంటికి కునుకు లేక, కనిపించిన ప్రతివాణ్ణీ అనుమానంగా చూస్తుంటే, ఏం పోయిందని ముసలమ్మలు అడగరు. చెయ్యి పట్టుకుని పక్కకి జరిగి చోటిస్తారు.

"కాసేపు నూకాలు పక్కన కూకో నాయినా," అంటారు.