పలకల మీద పొయ్యి

అనగనగా, అమ్మడూ, గోదారి సముద్రంలో కలిసేచోట ఒక లంక ఉండేది. లంకంటే రావణుడిది కాదులే, చుట్టూ నీళ్ళున్న ఊరు. ఆ లంకలో వీరవేణి అని ఒకామె ఉండేది. ఆమె మొగుడు సూరన్న తాటిచెట్లెక్కి తియ్యటి నీరా దించేవాడు. వీరవేణీ, వాళ్ళత్త పల్లాలమ్మా ఆ నీరా కాచి బెల్లం వండేవాళ్ళు. ఉయ్యాల్లో ఒక చంటిపిల్ల. ఇంకా పేరు కూడా పెట్టలేదు.

వాళ్ళ పాక నేలమీద ఉండేది కాదు. పోటు వస్తే ఉప్పునీళ్ళు ఇంట్లోకొస్తాయని గుంజలు పాతి, వాటిమీద దూలాలు వేసి, పైన చెక్కపలకలు పరిచారు. నిచ్చెనెక్కి పైకెళ్ళాలి. బెల్లం పొయ్యి మాత్రం కింద పెరట్లోనే ఉండేది.

ఆ ఏడు పోటు మరీ పైకొచ్చింది. పెరడంతా బురదయింది, పొయ్యి తడిసి కూలింది. నీరా ఏమో నిలవుంటే పులిసిపోతుంది. అప్పుడు పల్లాలమ్మ, "పొయ్యి పైకెక్కించేద్దాం" అంది. వీరవేణి ఒప్పుకోలేదు. "చెక్కమీద నిప్పేంటత్తా? కొంప తగలడిపోదూ?" అంది. "నేను కాపురానికొచ్చినప్పుడు నువ్వు పుట్టనైనా లేదే" అంది అత్త. ఇద్దరిదీ మొండితనమే, ఒకళ్ళను మించి ఒకళ్ళు. నీలాగే!

మొదట పలకలమీద మందంగా మట్టి మెత్తారు. పొయ్యి రాజెయ్యగానే మట్టి ఎండి బీటలిచ్చింది. ఆ తర్వాత ఇనపరేకు పరిచారు. అది కాళ్ళు కాలేంత వేడెక్కింది. ఆ తర్వాత రేకుమీద ఇటుకలు, సందన్నదే లేకుండా దగ్గరదగ్గరగా పేర్చారు. వాటిమీద పొయ్యి రాజేసి, పల్లాలమ్మ ఇటుక అంచుమీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. "చూశావా?" అని మూతి తిప్పింది.

పైన పొగకి పిల్ల దగ్గుతోందని వీరవేణి చీర ఉయ్యాలని కింద, ఆ పలకలు మోసే దూలానికే కట్టింది. కింద నీడా గాలీ ఉన్నాయి మరి. అది కట్టేటప్పుడు ఇంకో గొడవ. అత్త పిల్లకి దిష్టిచుక్క పెడతానంది. కోడలు కాటుక పడదని వద్దంది. అంతే, మాటలు బంద్. బెల్లం వండే పెద్ద పెనం నిండా నీరా పోసి, నోళ్ళు బిగించుకుని, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తెడ్డు తిప్పడం మొదలెట్టారు. ఒకళ్ళు తిప్పుతుంటే ఇంకొకళ్ళు దిగి పిల్లని చూసొచ్చేవాళ్ళు.

మొదట వీరవేణి దిగింది. పిల్ల బుగ్గమీద నల్లటి చుక్క. "వద్దన్నా పెట్టేసింది ముసల్ది" అని పళ్ళు కొరికి, పమిటతో తుడిచి పైకొచ్చింది. విసురుగా తెడ్డందుకుంది.

ఆ తర్వాత పల్లాలమ్మ దిగింది. పిల్ల నుదుటిమీద నల్లటి చుక్క. "నన్ను వద్దని తను పెట్టుకుంది! అదీ వంకరగా" అని ఆవిడకి ఏడుపొచ్చింది. తుడిచి పైకొచ్చింది. ఆవిడా తెడ్డు లాక్కుంది.

పైన మాడువాసన వస్తోంది. పాకం అడుగంటుతోందనుకుని ఇద్దరూ ఇంకా గట్టిగా తిప్పారు. బెల్లం వండేచోట మాడువాసనకి ఎవరు భయపడతారు చెప్పు?

మళ్ళీ వీరవేణి దిగేసరికి బుగ్గమీద చుక్క, గడ్డంమీద చుక్క, ఉయ్యాల చీరమీద చుక్కలు. ఒక్కసారి తల పైకెత్తి చూసుంటే తెలిసేది. కోపం వచ్చినవాళ్ళు పైకి చూడరమ్మా. విసవిసా నిచ్చెనెక్కింది.

"పిల్ల మొహమంతా నలుపు చేశావేంటత్తా?"

"నేనెక్కడ పెట్టానే? పెట్టింది నువ్వు కాదూ?"

అప్పుడు కాళ్ళకింద పలక చిటుక్కుమంది, సందులోంచి పొగ లేచింది.

అవి దిష్టిచుక్కలు కావు, అమ్మడూ. బొగ్గుపొడి. ఇటుకలు వేడిని ఆపలేదు, మింగి దాచుకున్నాయి. బయటికి పోయే దారిలేక ఆ వేడి పొద్దుట్నించీ కిందికే దిగింది. పలకా దూలమూ మంటలేకుండా లోలోపలే కాలిపోతున్నాయి. ఆ దూలానికే పిల్ల వేలాడుతోంది.

సరిగ్గా అప్పుడే పాకం పొంగు మొదలెట్టింది. తెడ్డు ఆపితే పొంగి, పలకల సందుల్లోంచి సలసలా కాగుతూ నేరుగా ఉయ్యాల్లో పడుతుంది. సూరన్న చూస్తే ఎక్కడో తాటిచెట్టు మీదున్నాడు.

"రా అత్తా, ఇద్దరం దిగుదాం!" అంది వీరవేణి.

"నేనొస్తే పాకం ఎవరాపుతారే? నువ్వు దిగు. పిల్ల చేతికందగానే కేకెయ్యి" అంది పల్లాలమ్మ.

వీరవేణి నిచ్చెన దిగలేదు, దూకింది. పైన పల్లాలమ్మ పాకంలో ఆముదం చుక్క వేసింది. పొంగు కాస్త తగ్గింది. మళ్ళీ లేచింది. మళ్ళీ వేసింది. పాదాలకింద పలక వేడెక్కింది. ఆవిడ కాలు మార్చి కాలు వేసింది గానీ తెడ్డు ఆపలేదు.

కింద ఉయ్యాల ముడి బిగుసుకుపోయింది. లాగితే రాదు, కొరికితే తెగదు. పైన దూలంమీద ఎర్రటి గీత కదులుతోంది. అప్పుడు వీరవేణి ముడినొదిలేసి, చీర మడతల్లోకి రెండు చేతులూ దూర్చి పిల్లని బయటికి లాగి, పెరట్లోకి పరిగెత్తింది.

"అందిందత్తా! పిల్ల అందింది!"

ఆ కేక వినబడ్డాకే పల్లాలమ్మ తెడ్డు వదిలింది. గుమ్మం దాటి నిచ్చెనమీద కాలు పెట్టిందో లేదో, ఫెళ్ళున దూలం విరిగింది. పొయ్యీ పెనమూ ఇటుకలూ అన్నీ కలిసి ఉయ్యాల మీద పడ్డాయి. బురదలో పడి నిప్పు చుయ్యిమంది.

పల్లాలమ్మ బురదలో కూలబడింది. అరికాళ్ళు బొబ్బలెక్కిపోయాయి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వీరవేణి ఊరుకోబెట్టబోయింది.

"ఏడవనియ్యవే, కాసేపు విననీ" అంది పల్లాలమ్మ.

అప్పుడు వీరవేణి పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టి, ఆ కాలిన పాదాల్ని తన ఒళ్ళో పెట్టుకుని భోరుమంది. ఆ తర్వాత సూరన్న పొయ్యి మళ్ళీ కట్టాడు, ఈసారి రాతికాళ్ళ మీద, కిందనించి గోదారి గాలి అటూ ఇటూ పోయేలా. పిల్ల బారసాలనాడు పేరేం పెడదామని అందరూ అడిగితే, వీరవేణి ఎవరినీ అడక్కుండా పల్లాలమ్మ అని పిలిచింది. ఎప్పుడూ మూతి తిప్పే ఆ ముసలావిడ ఆ రోజు కోడలి బుగ్గమీద దిష్టిచుక్క పెట్టింది.

కథమ్మ కంచి చేరింది,
మనల్ని ఇల్లు పిలిచింది,
పొయ్యిలో నిప్పు ఆరింది,
అమ్మడు కళ్ళు మూసింది.