కాశింబి డైరీలో పొయ్యి

హుసేనయ్యకు నాగూరమ్మ మీద అనుమానం పుట్టింది.

ఇద్దరూ దస్తగిరి గురువు శిష్యులే. కొండ కింద ఉన్న వాళ్ళ ఆశ్రమాన్ని కట్టింది దూదేకులవాళ్ళు, అంటే పత్తిని విల్లుతో ఏకి దూది చేసేవాళ్ళు. వెనకటి పెద్ద కరువులో చుట్టుపక్కల ఊళ్ళకు తొంభై రోజులు గంజి పోసిన చోటది. ఆ చరిత్ర గ్రంథమంతా హుసేనయ్యకు కంఠతా వచ్చు. అయినా పిల్లలకు చెప్పే పని గురువు నాగూరమ్మకే అప్పగించాడు.

ఆమె గ్రంథం చదివించలేదు. కాశింబి అనే పదేళ్ళ పిల్ల కరువునాడు రాసుకున్నట్టుగా తనే ఒక డైరీ రాసి, రోజుకో పేజీ చదివి వినిపించేది.

హుసేనయ్య మూడు రోజులు కిటికీ పక్కన నిలబడి విన్నాడు. నాలుగోనాడు ఒక చిన్నది కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "తాతా, కాశింబి తమ్ముడు బతుకుతాడా?" అని అడిగింది.

ఆయన లోపలికి వెళ్ళి, డైరీ తీసుకుని నేరుగా గురువు ముందు పెట్టాడు.

"ఈ కాశింబి గ్రంథంలో ఎక్కడా లేదు గురువుగారూ. లేని పిల్ల కోసం ఉన్న పిల్లలు ఏడుస్తున్నారు. రేపు గ్రంథం కూడా కట్టుకథే అంటారు."

"కల్పించి రాశానని మొదటిరోజే వాళ్ళకు చెప్పిందట కదప్పా."

"చెప్పాననే అంటుంది. ఆ రోజు నేను కిటికీ దగ్గర లేను."

"మరేం చేద్దామంటావు?"

"దీన్ని తగలబెట్టాలి. ఆమెను పిల్లల దగ్గర్నుంచి తప్పించాలి."

"సరే," అన్నాడు గురువు.

అంత తేలిగ్గా సరే అనేసరికి హుసేనయ్యకు గురువు మీద కూడా కొంచెం అనుమానం వచ్చింది.

గురువు ఒక తెల్లకాగితం ఇచ్చాడు. "గంజి పోసిన మొదటి రోజు నీకు బాగా తెలుసు కదా. ఆ పొద్దు నువ్వు అక్కడ ఉన్నట్టు ఒక్క పేజీ రాసుకురా. అందులో అబద్ధం ఉండకూడదు. ఆ తర్వాత తగలబెడదాం."

ఇదేం పెద్ద పని అనుకుని హుసేనయ్య కూర్చున్నాడు. 'తెల్లవారకముందే పొయ్యి వెలిగించాం' అని రాసి, ఆగిపోయాడు.

దేనితో వెలిగించారు? కరువు మూడో ఏడు. ఎండిన చెట్లన్నీ కొట్టి అమ్ముకున్నారనీ, బెరడూ వేళ్ళూ కూడా జనం తినేశారనీ గ్రంథమే చెబుతోంది. పొయ్యి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

అనుమానంగా డైరీ తిరగేశాడు. 'చింతకట్టెలు పెట్టారు' అని ఉంది. దొరికింది! కానీ అది తప్పని చూపించాలంటే నిజం ఏదో తెలియాలి.

ఊళ్ళో అందరికంటే పెద్దది బూబమ్మ. ఆమె గడప దగ్గర కూర్చుని అడిగాడు.

"కట్టెలా? కట్టెలెక్కడివప్పా!" అంది ఆమె. "మా జేజి, మా నాయనమ్మ, చెప్పేది. పత్తి లేదు, ఏకే పని లేదు. దూది ఏకే విల్లులు విరిచి పొయ్యిలో పెట్టినారంట. ముందు అప్పటి ఆశ్రమం పెద్దగురువు తన విల్లు విరిచినాడంట. మా జేజి నాయన విరవలేక ఏడ్చినాడంట. ఆయన చేతిలోంచి జేజే తీసుకుని పెట్టిందంట. అప్పటికి జేజికి పదేండ్లు."

హుసేనయ్య లేచాడు.

"ఇన్నేండ్లకు నన్ను అడిగినోడివి నువ్వొక్కడివే," అంది బూబమ్మ.

సాయంత్రం ఆయన తిరిగొచ్చి కాగితం గురువు చేతిలో పెట్టాడు. దాని మీద మొదట రాసిన ఒక్క వాక్యమే ఉంది. బూబమ్మ చెప్పిందంతా నోటితో చెప్పాడు.

"ఇది నాకూ తెలియదప్పా," అన్నాడు గురువు.

తర్వాత, తగలబెడదామన్న డైరీ కోసం చెయ్యి చాపాడు. హుసేనయ్య ఇవ్వలేదు.

"ఆమె చింతకట్టెలని తప్పు రాసింది గురువుగారూ. ఆమెకు చెప్పి దిద్దించాలి."

"చెప్పు. పిల్లల ముందే చెప్పు."