అంతోనివారి కుడిచెయ్యి

అనగా అనగా, రేవుల్లో తెరచాప ఓడలు ఆగే కాలంలో, గోదారి ఒడ్డున ముత్యాలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో సంతవీధి మధ్యన, ఎత్తైన అరుగు మీద పునీత అంతోనివారి రాతి విగ్రహం నిలబడి ఉండేది. ఎడమచేతి మీద బాలయేసు. కుడిచెయ్యి మాత్రం ముందుకు చాపి, వచ్చేపోయేవాళ్ళని దీవిస్తున్నట్టుండేది.

ఆ విగ్రహాన్ని చెక్కించింది పట్నం పెద్ద మరియదాసుగారి తాత. అందుకే మరియదాసుగారికి అదంటే ప్రాణం. రోజూ పొద్దున్నే తన చేతులతోనే దండ వేసేవారు. ఆ అరుగు మీద ఎవరూ కాలు పెట్టకూడదు. పెడితే ఊరొదిలి పోవాల్సిందే. అది ఆయన పెట్టిన కట్టడి.

ఒక ఏడు శ్రావణంలో గోదారికి పెద్ద వరద వచ్చింది. తెల్లవారేసరికి నీళ్ళు సంతవీధిలో పొంగాయి. జనం మేడలెక్కారు. మిద్దెలెక్కారు. గుడి గంటగోపురం ఎక్కారు.

వీధి చివర గుడిసెలో బుట్టలల్లుకు బతికే ఆరోగ్యమ్మ ఉండేది. భర్త చనిపోయాడు. చంకలో నెలల పిల్ల. ఆమె బయటికి వచ్చేసరికే నీళ్ళు నడుముదాకా ఉన్నాయి. దగ్గరలో ఎత్తుగా కనిపించింది అంతోనివారి అరుగొక్కటే. కట్టడి గుర్తొచ్చింది. బిడ్డ మొహం చూసింది. ఎక్కేసింది.

నీళ్ళు ఇంకా పెరిగాయి. ఆమె పిల్లను ఎత్తి, అంతోనివారి ఎడమచేతి మీద, బాలయేసు పక్కన పడుకోబెట్టింది. చీరకొంగుతో కట్టింది. విగ్రహాన్ని వాటేసుకుని, "తండ్రీ, ఒక బిడ్డను మోస్తూనే ఉన్నావు. నా బిడ్డను కూడా కాస్త పట్టుకో" అంది.

అంతలో ఎక్కడో కూలిన ఇంటి దూలం ఒకటి వరదలో దూసుకొచ్చింది. నేరుగా పిల్ల తలవైపే! ఆరోగ్యమ్మ చెయ్యి చాపింది. అందలేదు. కళ్ళు మూసుకుంది.

ఫెళ్ళుమని చప్పుడైంది.

కళ్ళు తెరిచి చూస్తే, చాపి ఉన్న అంతోనివారి కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగి నీళ్ళలో పడిపోయింది. దూలం పక్కకు తిరిగి పోయింది. పిల్ల చప్పుడుకి ఉలిక్కిపడి ఏడుస్తోంది, అంతే.

కాసేపటికి పడవ నడిపే రాయప్ప వచ్చాడు. విగ్రహం నడుముకు తాడు కట్టి పడవ ఆపాడు. తల్లీబిడ్డల్ని ఎక్కించుకుని గుడికి చేర్చాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

వరద తీసింది. మరియదాసుగారు దండ పట్టుకుని వచ్చి, విగ్రహాన్ని చూసి కూలబడ్డారు. చెయ్యి లేదు. నడుము చుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తు. ఊరందరినీ పిలిపించారు.

"ఎవరు విరిచారు?" అని అడిగారు.

"ఎవరు విరిచారు?" అని మళ్ళీ అడిగారు. "రాయప్ప పడవ కట్టాడండీ" అన్నారెవరో.

"కట్టాను బాబూ. విరగ్గొట్టలేదు" అన్నాడు రాయప్ప.

"ఎందుకు కట్టావు? అక్కడెవరున్నారు?"

రాయప్ప ఒక్కసారి ఆరోగ్యమ్మ వైపు చూశాడు. తల దించుకున్నాడు. ఆమె పేరు చెప్పలేదు.

మరియదాసుగారు చేతిలోని దండ పక్కన పెట్టారు. "చివరిసారి అడుగుతున్నాను. నిజం తెలియకపోతే, ఇక రాయప్ప పడవ ఈ రేవులో తిరగదు."

ఆరోగ్యమ్మ గుడిసె కొట్టుకుపోయింది. ఊరు కూడా పోతే పిల్లను పట్టుకుని ఎక్కడికి పోతుంది? ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కాళ్ళు ఆగలేదు. ముందుకొచ్చింది.

"రాయప్పన్న తప్పేం లేదయ్యా. అరుగెక్కింది నేను. నా బిడ్డకు తగలాల్సిన దెబ్బ ఆ చేతికి తగిలింది" అని జరిగిందంతా చెప్పింది. "పంపిస్తే నన్ను పంపండి. ఆయన పడవ ఆపకండి."

అప్పుడు మరియదాసుగారి తల్లి, ముసలి జ్ఞానమ్మగారు, కర్ర పక్కన పెట్టి ఆరోగ్యమ్మ చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. కొడుకు ఒడిలో పెట్టింది.

పిల్ల ఆయన మీసం పట్టుకుని లాగింది. బోసినోటితో నవ్వింది.

"మరియదాసూ, ఆ చెయ్యి మిగిలి ఈ పిల్ల పోయుంటే, రేపు ఏ మొహం పెట్టుకుని దండ వేసేవాడివిరా?" అంది జ్ఞానమ్మగారు.

మరియదాసుగారి కన్నీళ్ళు పిల్ల చొక్కా మీద టపటపా రాలాయి. పిల్లను ఆరోగ్యమ్మకిచ్చి లేచి, రాయప్ప చేతులు పట్టుకున్నారు. "తప్పు నాది, నాయనా" అన్నారు. ఆరోగ్యమ్మ వైపు తిరిగి, "అమ్మా, వరదొస్తే ఎవరైనా ఈ అరుగెక్కవచ్చు. ఆ కట్టడి ఇవాళ్టితో సరి" అన్నారు. ఆమెకు గట్టి గోడలతో ఇల్లు కట్టించారు.

తర్వాత కొత్త చెయ్యి అతికిస్తామంటూ శిల్పులు వచ్చారు. ఒకరు పాలరాయితో చేస్తామన్నారు. ఒకరు ఇత్తడితో అన్నారు. ఇంకొకరు వెండితోనే చేస్తామన్నారు. మరియదాసుగారు ముగ్గురికీ కడుపునిండా భోజనం పెట్టి పంపేశారు.

ఆనాటి నుంచి ముత్యాలరేవులో బిడ్డ పుడితే, తల్లులు తీసుకొచ్చి అంతోనివారి ఎడమచేతి మీద ఒక్క క్షణం పడుకోబెడతారు. కాస్త పెద్దయ్యాక ఆ పిల్లలే, "అమ్మా, ఆయన కుడిచెయ్యేదీ?" అని అడుగుతారు. "నీలాంటి పిల్లకు ఇచ్చేశాడమ్మా" అంటారు తల్లులు.

తనకు నష్టమని తెలిసి కూడా ఇంకొకరికి అడ్డుగా నిలబడటమే అసలైన భక్తి.