గుండిగ అడుగు

ఒక రాజ్యంలో ఏటా పట్టాభిషేకం రోజున ఊరందరికీ పరమాన్నం పెట్టేవారు. పెద్ద గుండిగలో వండేవారు. రుచి చూసే కొలువు ఒకామెది. ఆమె బాగుందంటేనే వడ్డన, లేదంటే పారబోసి మళ్లీ వండాలి. అదీ కట్టడి.

పోయినేడు వంటపెద్ద పైనుంచి తీసి ఇచ్చినదాన్ని తిని ఆమె బాగుందంది. ఆఖరి బంతిలో కూర్చున్న ఆమె తల్లి ఆకులో మాత్రం నల్లటి మాడు పడింది. ముసలామె ఒక్క ముద్దా మింగలేక, ఆకు మడిచి పస్తుతో ఇల్లు చేరింది. కూతురు అది ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈసారి గుండిగ దగ్గరికి రాగానే ఆమె ముక్కుకు మాడు వాసన తగిలింది. వంటపెద్ద మళ్లీ పైనుంచే గరిటె ముంచాడు.

"అడుగునుంచి కూడా తియ్యి నాయనా," అందామె.

"అడుగంటినప్పుడు గరిటె కిందికి పోనివ్వకూడదమ్మా. కదిపితే పైదీ పాడవుతుంది," అన్నాడతను. వంటవాడిగా అతనన్నది నిజమే.

వడ్డన చూడటానికి వచ్చిన మంత్రి కంగారుపడ్డాడు. రాజుగారు బంతికి వచ్చే వేళకి మళ్లీ వండటమా!

"నీదొక్క నాలుక. దాన్ని నమ్మి ఇంతా పారబోస్తామా? వందమందిని అడుగుదాం. శాస్త్రం చెప్పేదీ అదే, ప్రజాభిప్రాయమన్నా అదే," అన్నాడు.

"ఎంతమంది తింటే ఏం లాభమండీ, అందరికీ పైదే పెడితే?"

ఆ మాట వినేదెవరు? మొదటి బంతికి వచ్చిన పెద్దమనుషులను వరసగా నిలబెట్టారు. గరిటె పైపైనే మునిగింది. అందరూ లొట్టలేశారు. సరిగ్గా తెలియలేదంటూ రెండోసారి చెయ్యి చాచినవాళ్లే ఎక్కువ. వంద నాలుకలూ ఒకటే మాట చెప్పాయని మంత్రి దండోరా వేయించాడు.

ఆ తర్వాత రాజుగారి వెండి కంచంలో వడ్డించబోతే గరిటె అడుగుకు తగిలి గరగరలాడింది. పైదంతా రుచి చూడటానికే సరిపోయింది.

రాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ప్రభువులకు ఆనందబాష్పాలు!" అని మంత్రి చప్పట్లు కొట్టాడు. వందమందీ కొట్టారు. అంతమందిని కాదనడం రాజుకైనా కష్టమే. గుటుక్కున మింగి, ఆమెను దగ్గరికి పిలిచాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు ప్రభూ. అడుగునుంచి ఒక్క గరిటె తియ్యమన్నాను."

రాజు లేచి గుండిగలోకి తొంగిచూశాడు. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఆఖరి బంతిలో కూర్చున్న తల్లివైపు ఆశగా చూసింది.

"మంత్రీ," అన్నాడు రాజు, "వచ్చే ఏటికి పైది నాదాకా మిగిలేట్టు ఇంతకు రెండింతలు లోతున్న గుండిగ చేయించు. ఈ మిగిలింది ఆఖరి బంతికి పంపించు."

వడ్డన తనవైపు రావడం చూసి ముసలామె ఖాళీ ఆకు మడిచింది.