రేగుమొక్కకు కాళ్ళు కడిగిన చెవులపిల్లి

ఎర్రగుట్ట మీద ఎండ ఎంతటిదంటే, సూర్యుడు కూడా నెత్తిన తడిగుడ్డ వేసుకునే దాటేవాడు. ఆ గుట్ట మీదున్న ఒక్కగానొక్క రేగుపొదా వేసవి మంటల్లో కాలిపోయింది. దాని కింద కాపురమున్న చెవులపిల్లి పైడమ్మకీ, ఆమె కూన చిట్టికీ చాటు లేకుండా పోయింది. ముళ్ళపొద లేని గూడంటే నక్కకి వాకిలి తెరిచిపెట్టినట్టే!

మృగశిర కార్తె చినుకు పడగానే పైడమ్మ అడవికి పోయి ఒక రేగుమొక్కని వేళ్ళ మన్నుతో సహా పెకలించి తెచ్చుకుంది. దారిలో వాగు దగ్గరికి రాగానే, అవతలి గట్టు మీంచి నక్క పలకరించింది.

"ఏం వదినా, కొత్తకోడల్ని తెచ్చుకుంటున్నావా? కాళ్ళు కడగకుండానే గడప దాటిస్తావా? వేళ్ళకి ఎంత బూజో చూడు!"

నిజమే, మన్నులో తెల్లటి సన్న దారాలు వేళ్ళని అల్లుకుని ఉన్నాయి. పైడమ్మకి సిగ్గేసింది. శుభ్రంలో ఆమెని మించినవాళ్ళు ఏడు అడవుల్లో లేరు మరి!

తడి మట్టిలోంచి వానపాము తాత తల ఎత్తాడు. "ఒసే మొద్దూ, కడక్కే! అది బూజు కాదు, చెట్టుకి మేనమామలు. ఎండాకాలం గింజల్లా ముడుచుకు పడుకుంటారు, తొలకరికి లేస్తారు. వానలున్నన్నాళ్ళూ మన్నంతా పాకుతారు. నేల బిగిశాక ఎక్కడెక్కడి తడీ తెచ్చి వేరుకి తాగిస్తారు. కాలిన మీ గుట్టలో అలాంటివాళ్ళు ఒక్కరూ మిగల్లేదే!"

"మట్టి తినే నోటికి మురికే ముద్ద," అని నక్క నవ్వింది. "నీ ఇష్టం వదినా. నలుగురూ నవ్వితే నన్ననకు."

పైడమ్మ వేళ్ళని వాగులో ఏడుసార్లు ముంచి ముంచి కడిగి, మొక్కని గూటి పక్కన నాటింది.

వానలకి మొక్క నవనవలాడింది. "చూశావా తాతా!" అంది పైడమ్మ. వానలు వెళ్ళాయి. కార్తీకం దాటేసరికి ఆకు వాడి, ముల్లు ముదరకుండానే కొమ్మ ఎండింది. పైడమ్మ నోటితో నీళ్ళు మోసింది. ఆ మోతకి వాగే మోకాలిలోతు తగ్గిపోయింది. మొక్క మాత్రం గుటక వెయ్యలేదు.

"అమ్మా, పొద ఎప్పుడు పెరుగుతుందే?"

"రేపమ్మా."

మర్నాడు ఆమె నీళ్ళకి పోయి వచ్చేసరికి గూడు ఇంకా వెచ్చగానే ఉంది. చిట్టి లేదు. నక్క అడుగులు గూటిదాకా తిన్నగా వచ్చి, తిన్నగా వెళ్ళాయి.

వానపాము తాత ఆమెని ఒక్క మాటా అనలేదు. పొద్దు వాలేదాకా పక్కనే ఉండిపోయాడు.

మర్యాదలు నేర్పే పగవాడి కంటే, తిట్టి చెప్పే అయినవాడు నయం.