కొండ వెనక కాలిబాట

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఒక దీవి. అక్కడి గాలి ఎంతటిదంటే, పొద్దున ఎగిరిపోయిన టోపీ మధ్యాహ్నానికి నార్వేలో ఎవరి నెత్తిమీదో తేలుతుంది. అలాంటి గాలికి మఠం పైకప్పు లేచిపోబోతే తెల్లారేదాకా ఒంటిచేత్తో పట్టుకుని వేలాడినవాడు కోనాల్. అంతటి శిష్యుణ్ణి ఒక్క మాట పడగొట్టింది.

మఠంలో చేరిన కొత్తలో, రేవు దారిలో టోర్క్విల్ అనే ముసలి జాలరికి ఎదురొచ్చాడు. మఠం వాళ్ల నల్ల అంగీ వేటకు వెళ్లేవాళ్లకు ఎదురైతే అపశకునమని అక్కడి జాలర్ల నమ్మకం. అది చూడగానే టోర్క్విల్ ఆగిపోయాడు.

"వాన్‌చాన్సీగాడు ఎదురొచ్చాడు. ఇవాళ వేట లేదు, పదండి."

వలలు భుజాన వేసుకుని ఇంటికి మళ్లాడు. వెనక వస్తున్న వాళ్లంతా మళ్లారు. ఆ పూట దీవిలో ఏ పొయ్యిమీదా చేప ఉడకలేదు.

ఆనాటినుంచి కోనాల్ మఠం గడప దాటలేదు. చలికాలమంతా తన దగ్గు తనే విన్నాడు. చివరికి మూట కట్టుకుని గురువు నినియన్ ముందు నిలబడ్డాడు.

"వెళ్లిపోతాను గురువుగారూ."

"ఏ పడవలో నాయనా? నిన్నెవరు ఎక్కించుకుంటారు?"

కోనాల్ మూట కింద పెట్టాడు. "పోనీ ఆ మాటకు అర్థమైనా చెప్పండి."

నినియన్‌కు రాని భాష లేదు. సీల్ జంతువులు సైతం ఆయన దగ్గర ఉచ్చారణ దిద్దించుకునేవట.

"'వాన్' అంటే తరిగిపోవడం. ఇక్కడి పాత మాటే. 'చాన్స్' అంటే పాచిక పడడం. అది ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చింది. రెండూ కలిస్తే, అదృష్టం తరిగినవాడు."

"నాకోసమే పుట్టినట్టుంది."

"బూట్లు తొడుక్కో."

రేవు దారి వదిలి, ఇళ్ల వెనకగా కొండ ఎక్కించాడు. రోజూ తెల్లవారగట్ల గురువు అటు వెళ్లేది ప్రార్థనకని కోనాల్ అనుకునేవాడు. మోకాలెత్తు గడ్డిలో సన్నని బాట, ఒక్క పాదమంత వెడల్పు. ఏ ఇంటి కిటికీకీ కనపడకుండా, చుట్టూ తిరిగి ఒడ్డుకు దిగుతుంది. మధ్యలో రాయి కూడా అరిగి గుంటపడింది.

"గొర్రెల బాటా?"

"గొర్రెలు మందగా నడుస్తాయి."

నినియన్ ఆ గుంటలో కాలు పెట్టాడు. అచ్చు పోసినట్టు సరిపోయింది. గురువు ఒంటిమీది నల్ల అంగీని కోనాల్ మొదటిసారి చూసినట్టు చూశాడు.

కింద టోర్క్విల్ పడవ తెరచాప ఎత్తింది. అది కనుమరుగయ్యేదాకా నినియన్ చేయెత్తి దీవించాడు. పడవలో ఎవరూ ఇటు చూడలేదు.

"ఎన్నేళ్లుగా ఈ చాటుదారిన, గురువుగారూ?"

ఆయన బాట పక్కన గడ్డిని కాలితో తొక్కి కొంచెం చోటు చేశాడు.

"వెనక కాదు, పక్కన నడు. ఇక కాస్త వెడల్పవుతుంది."